మా మలక్కా సంగతి ఎవరూ మాట్లాడరేం?

మా దీవుల పేరు టీవీలో వినపడిందంటే మూడింట్లో ఏదో ఒకటి జరిగుండాలి. తుఫానైనా రావాలి, భూమైనా కంపించాలి, లేదంటే చైనా మీద చర్చయినా నడుస్తుండాలి. మొదటి రెండూ రెండ్రోజులు చూపించి వదిలేస్తారు. మూడోది ఏడాది పొడుగునా ఉంటుంది. నీలం రంగు సముద్రం మీద అండమాన్ నికోబార్‌ని ఎర్ర చుక్కలుగా పెట్టి, కింద మలక్కా జలసంధి వైపు బాణం గీసి, రిటైరైన పెద్దలు వరసగా కూర్చుని "ఇది మనకు మునగని విమానవాహక నౌక" అంటారు. ఆ నౌక మీద నాకో కిరాణా కొట్టుంది.

డైరీ ఫార్మ్‌లో. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ లాగే ఇదీ తెలుగు వినపడే చోటు. (2024 సెప్టెంబరు నుంచి ఊరి పేరు శ్రీ విజయపురం. నా కొట్టు బోర్డు మీద ఇంకా మార్పించలేదు, పెయింటరు చాలా అడుగుతున్నాడు.) మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి కూలిపనికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాలాంటి ఇళ్లు ఒకటీ రెండూ కాదు. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనం 3.80 లక్షలైతే, వాళ్లలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. కొట్టుకొచ్చేవాళ్లలో బెంగాలీలు, తమిళులు, రాంచీ వాళ్లు, నేవీ వాళ్ల ఇల్లాళ్లు అందరూ ఉంటారు. వాళ్లతో హిందీ, మాలో మాకు తెలుగు.

మొన్నీమధ్య పక్కింటి కుర్రాడు పాలపొడి ప్యాకెట్ కోసం వచ్చాడు. పేరుకి డైరీ ఫార్మ్, మేం అమ్మేది ఎక్కువగా పాలపొడే. వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "పెదనాన్నా, అమెరికాకీ చైనాకీ యుద్ధమొస్తే ముందు బాంబు మనమీదేనంట కదా" అన్నాడు.

"బాంబు దాకా ఎందుకురా, రెండు షిప్పులు రాకపోతే చాలు" అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వడానికి అనలేదు.

టీవీ పెద్దలు చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు. చైనా దిగుమతి చేసుకునే చమురులో దాదాపు 80 శాతం మలక్కా దారిలోనే పోతుందని అంటారు. ఏటా 90 వేలకు పైగా ఓడలు తిరిగే ఆ దారి, సింగపూర్ దగ్గర ఒకచోట మూడు కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండదు. ఎవడైనా దాన్ని మూసేస్తే మన గతేమిటని 2003లోనే అప్పటి చైనా అధ్యక్షుడు హు జింటావో బెంగ పెట్టుకున్నాడు. ఆ దారికి పడమటి మూతి దగ్గర కూర్చున్నది మా గ్రేట్ నికోబార్. అందుకే 2001లో త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్‌ని దేశంలో మొదటిసారి మా దీవుల్లో పెట్టారు. 2012లో గ్రేట్ నికోబార్‌లోనే కాంప్‌బెల్ బే దగ్గర ఐఎన్ఎస్ బాజ్, 2019లో ఉత్తరాన డిగ్లీపూర్ వైపు ఐఎన్ఎస్ కొహాసా అనే నేవీ స్థావరాలు వచ్చాయి. చైనా వాడూ చేతులు కట్టుకుని లేడు. మయన్మార్‌లోని క్యౌక్‌ఫ్యూ నుంచి తన యున్నాన్ రాష్ట్రానికి గ్యాస్ పైపు, చమురు పైపు వేసుకున్నాడు. మా ఉత్తర కొసకు 55 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోకో దీవుల్లో మయన్మార్ రన్‌వే పొడిగించిందని 2023లో శాటిలైట్ ఫొటోలు బయటికొచ్చినప్పుడు, ఇక్కడ రెండు వారాలు అదే మాట.

ఇదంతా వాళ్ల మలక్కా. మాకూ ఒకటుంది. చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి మా ఊరి హడ్డో వార్ఫ్ దాకా ఇంచుమించు 1,200 కిలోమీటర్ల నీళ్ల దారి. బియ్యం, కందిపప్పు, నూనె, గ్యాస్ బండ, సిమెంటు, మందులు, పిల్లల నోటు పుస్తకాలు అన్నీ దాని మీదే రావాలి. మా ఊరి కరెంటు కూడా ఓడలోనే వస్తుందంటే మెయిన్‌ల్యాండ్ చుట్టాలు నమ్మరు. దీవుల్లో కరెంటు ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లదే మరి. ఆ డీజిల్ ట్యాంకరు ఓడలో దిగాలి.

ఉల్లిపాయ బస్తానే చూడండి. నాసిక్ వైపు మూటగట్టి, లారీలో చెన్నై చేరి, కంటెయినర్లో హడ్డోకి దిగి, అక్కణ్ణుంచి చిన్న ట్రక్కులో మా వీధికొస్తుంది. బస్తా నోరు విప్పగానే చెయ్యి లోపలికి పెట్టి చూస్తాను. వేడిగా తగిలితే సరుకు పోయినట్టే. నేల మీద గోనె పరిచి పోసి, మూడు కుప్పలు వేస్తాం. గట్టివి ఒకటి. మొలక లేచినవి, పొర తడిసినవి ఒకటి, వీటిని ఆ రోజే అమ్మెయ్యాలి. మూడో కుప్ప మేకలకి. షిప్ సరిగ్గా వస్తే మూడో కుప్ప గంపెడు. వారం లేటైతే మూడో కుప్పే పెద్దది, మిగిలినదాని మీద కిలోకి పదిహేను, ఇరవై ఎక్కిస్తాను. ఎక్కించకపోతే నేను మునుగుతాను, ఎక్కిస్తే కొనేవాళ్లు తిడతారు. టమాటా ఒక్కోసారి విమానంలో దిగుతుంది, దాని ధర కిందికి దిగదు. చేపకి మాత్రం లోటు లేదు. కానీ చేప ఒక్కటే తిని ఎన్నాళ్లు బతుకుతాం?

యుద్ధాలొస్తే ఇలాంటి చోట జనం బాంబులకంటే ముందు ఆకలితో పోతారు. ఇది నేను భయపెట్టడానికి అంటున్న మాట కాదు. ఇక్కడ ఒకసారి జరిగింది.

1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. ఎదిరించే ఓపిక లేక బ్రిటిష్ వాళ్లలో చాలామంది అప్పటికే జారుకున్నారు. 1943 డిసెంబరు 30న నేతాజీ ఇక్కడ జెండా ఎగరేసిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత సరిగ్గా నెలకి, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న నెపంతో జపాన్ వాళ్లు కాల్చి చంపిన సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అంతకుముందు ఆ నెల 14నే ఇక్కడి వైద్యుడు డాక్టర్ దివాన్ సింగ్ వాళ్ల చిత్రహింసలతో ప్రాణం విడిచారు. అసలు కష్టం ఆ తర్వాతిది. మిత్రరాజ్యాల నౌకలు సముద్రదారిని బిగించేశాయి. బయటి నుంచి గింజ రావడం ఆగింది. సైన్యానికే తిండి చాలకపోతే జనం నోళ్లు అదనపు బరువుగా కనపడ్డాయి. 1945 ఆగస్టులో, యుద్ధం రేపో మాపో ముగుస్తుందనగా, వేరే దీవిలో పంట పండిద్దురు గాని రమ్మని చెప్పి వందల మందిని ఓడలెక్కించి హేవ్‌లాక్ దగ్గర సముద్రంలోకి తోసేశారు. ఒడ్డుకు చేరినవాళ్లలోనూ చాలామంది తిండి లేక పోయారు. ఈనాటి స్వరాజ్ ద్వీప్ అదే. కొత్త జంటలు స్కూబా డైవింగ్‌కి వెళ్లే చోటు. కార్బిన్స్ కోవ్ బీచ్ పక్కన ఇప్పటికీ జపాన్ బంకరు ఉంది. టూరిస్టులు తుపాకీ కన్నంలో తల పెట్టి సెల్ఫీలు దిగుతుంటారు.

బ్రిటన్‌కీ జపాన్‌కీ మా మీద పగ లేదు. మేం వాళ్ల దారిలో ఉన్నాం, అంతే.

మిత్రుడెవరో శత్రువెవరో కూడా ఇక్కడ నిలకడగా ఉండదు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ దగ్గర మునిగిపోయిన కథ తెలుగువాళ్లకి సినిమా వచ్చాక ఇంకా బాగా తెలుసు. కథంతా విశాఖ వైపు నుంచే చెబుతారు. అది వేటాడుతున్న మన విమానవాహక నౌక విక్రాంత్ ఆ సమయానికి విశాఖలో లేదు, మా అండమాన్ దీవుల చాటున దాగి ఉంది. అదే నెలలో పాకిస్తాన్‌కి అండగా అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ నౌకని మలక్కా దాటించి బంగాళాఖాతంలోకి పంపింది. మా పెద్దవాళ్లకి అప్పట్లో అమెరికా పేరు చెబితే దడ. అదే అమెరికా నేవీ వాళ్ల పీ-8 నిఘా విమానం 2020 సెప్టెంబరు చివర్లో మా రన్‌వే మీద దిగి, ఇంధనం పోయించుకుని ఎగిరింది. 2016లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారమే లెండి.

ఆ తర్వాత అయిదేళ్లకి రొయ్యల గొడవ. 2025 ఏప్రిల్‌లో అమెరికా, చైనా పంతానికి పోయి, ఒకరి సరుకు మీద ఒకరు సుంకాలు పెంచుకుంటూ 145 శాతం, 125 శాతం దాకా వెళ్లారు. దెబ్బలాట వాళ్లది. ఆగస్టు 27కల్లా మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం పడింది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకు జరిమానా. అక్టోబరు 30న ట్రంప్, షీ జిన్‌పింగ్ బుసాన్‌లో కలిసి చేతులు కలుపుకున్నాక చైనా లెక్క 47 అన్నారు. బద్ధ శత్రువుకి 47, రన్‌వే మీద ఇంధనం పోసినవాడికి 50! తర్వాత అంకెలు మారాయి, ఇంకా మారతాయి. కానీ రొయ్య అంకె మారేదాకా చెరువులో ఆగదు కదా.

మా బావమరిది శ్రీకాకుళం వైపు చెరువు లీజుకి తీసుకుని వెనామీ రొయ్య వేస్తాడు. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) తప్ప వేరే మాట లేదు. కొనేవాళ్లు ఏరోజుకారోజు రేటు తగ్గిస్తున్నారు, మేత రేటు మాత్రం తగ్గట్లేదు. విమానం సంగతి నేను చెబితే, "బావా, మరి ఆ పెట్రోలు బిల్లు మా రొయ్యల్లోంచి ఎందుకు కట్టించుకుంటున్నట్టు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆర్థికవేత్తల దగ్గర ఉంటే ఉండొచ్చు. 2024-25లో మన దేశం 62 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన చేపలూ రొయ్యలూ అమ్ముకుంది. అందులో ఆంధ్ర చెరువులది పెద్ద వాటా, అమెరికా పెద్ద గిరాకీ. అక్కడ తలుపు మూసుకుంటే మనవాళ్లు చూసింది ఎటు? చైనా వైపే. మన రొయ్యకి అమెరికా తర్వాత పెద్ద బజారు అదే. సాయంత్రం టీవీలో ఎవణ్ణి తిడతామో పొద్దున వాడికే డబ్బాలు సర్దుతాం. తప్పని నేననను. నా కొట్టులో దోమల బ్యాట్లూ, రీచార్జి టార్చిలూ ఎక్కడివనుకున్నారు?

చైనా గిరాకీ మా సముద్రం అడుగుదాకా ఎప్పుడో వచ్చింది. సీ కుకుంబర్ అని, ఇసకలో మెత్తగా పడి ఉండే ఒక జీవి. మనవాళ్లు తినరు. చైనా విందుల్లో దానికి మంచి రేటు. 2001 నుంచి మన చట్టం ప్రకారం దాన్ని పట్టకూడదు. అయినా మయన్మార్ పడవలు దొంగతనంగా వస్తూనే ఉంటాయి, కోస్ట్‌గార్డు వాళ్లు పట్టుకుంటూనే ఉంటారు.

నేను సైన్యానికి వ్యతిరేకిని అనుకునేరు. నేవీ కుటుంబాలు నెల ఖాతాలు పెట్టకపోతే నా కొట్టు ఎన్నడో మూతపడేది. 1995లో నాలుగు విదేశాల నౌకలతో మిలన్ విన్యాసాలు మొదలైంది మా ఊళ్లోనే. 2022 నుంచి విశాఖకి మార్చారు. ఆ నాలుగు రోజుల వ్యాపారం పోయిందే అని బాధపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. బలగం ఉండాలి. ఉన్నందుకే కాస్త నిద్ర పడుతోంది.

సరే, మేం నౌకే అనుకుందాం. నేవీలో పనిచేసిన ఎవర్నయినా అడగండి. నౌక రేవు దాటేముందు ఎన్ని రోజులకి నీళ్లున్నాయి, ఎన్ని రోజులకి రేషన్ ఎక్కింది, ఇంధనం ఎంత, డాక్టరు ఉన్నాడా అని రాసి సంతకం పెట్టందే లంగరు ఎత్తరు. ఫిరంగులున్నాయి కదా, బియ్యం దారిలో చూసుకుందాంలే అనే కెప్టెన్ ఎక్కడా ఉండడు. మరి ఈ మునగని నౌక మీద ఆ లెక్క ఎవరు చూస్తున్నారు? మా నీళ్లు ధనీఖారీ డ్యామ్ నుంచి రావాలి. ఎండలు ముదిరి డ్యామ్ అడుగంటితే కుళాయి రోజు విడిచి రోజు కూడా రాదు. అందుకే మా వీధిలో ప్రతి రేకుల కప్పు పక్కనా ఒక నల్ల ట్యాంకు, వాన నీళ్లకి ఒక గొట్టం. కొంచెం పెద్ద జబ్బయితే చెన్నైకో కోల్‌కతాకో రెఫర్ చేస్తారు. అప్పుడు జబ్బుకంటే ముందు టికెట్టు గురించి ఏడవాలి.

చెయ్యాలనుకుంటే చెయ్యగలరు, అది చూశాం కూడా. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు ఇక్కడ ఒక ఫొటో వెళ్లాలంటే ఫోన్ పట్టుకుని మేడెక్కి నిలబడేవాళ్లం. కమాండ్‌కి ఆ కేబుల్ ఎంత అవసరమో మా పిల్లల చదువుకీ అంతే. అదే ఏడాది 20 మెగావాట్ల సోలార్ ప్లాంటు వచ్చింది. దేశరక్షణ అంటే నాకు ఇవీ కనపడతాయి. ఇవి పేపర్లో ఒక్కరోజు వార్తలు. క్షిపణి అయితే మూడు రోజులు.

ఇక గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు. గలాతియా బేలో కంటెయినర్ల రేవు, విమానాశ్రయం, కొత్త పట్నం, కరెంటు ప్లాంటు. ఒకప్పటి లెక్కే 72 వేల కోట్ల రూపాయలు. అందుకు పోయేది 130 చదరపు కిలోమీటర్ల అడవి, ఒక అంచనాలో 9.64 లక్షల చెట్లు. షోంపెన్, నికోబారీ గిరిజనులు ఉండే నేల, తోలుతాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు. 2004 సునామీలో దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర భూమి నాలుగు మీటర్లు కిందికి దిగిపోయింది, లైట్‌హౌస్ మొదలు నీళ్లలో నిలబడింది. అలాంటి నేల మీద అంత డబ్బు పొయ్యడం నాకు రుచించదు. మా అబ్బాయి మాత్రం ఉద్యోగాలొస్తాయంటాడు. మా ఇంట్లో ఈ తగువు తెగలేదు.

కానీ ఒక్క విషయంలో ఇద్దరం ఒప్పుకుంటాం. 1969 నుంచి అక్కడ మాజీ సైనికుల కుటుంబాలకి భూములిచ్చి ఊళ్లు కట్టారు. పంజాబీలు, మరాఠీలు, తమిళులు, వాళ్లలో మన ఆంధ్ర వాళ్లూ ఉన్నారు. అప్పుడూ దేశరక్షణ పేరు చెప్పే తీసుకెళ్లారు. సునామీలో వాళ్ల ఇళ్లు, పొలాలు, మనుషులు పోయారు. ఇవాళ్టికీ కాంప్‌బెల్ బేలో ప్రాణం మీదికొస్తే హెలికాప్టరు కోసం ఆకాశం చూడాలి, లేదా షిప్ కోసం జెట్టీ చూడాలి. కొత్త రేవుకి ఏటా కోటీ నలభై లక్షల కంటెయినర్లు వస్తాయని లెక్క కట్టగలిగినవాళ్లు, అక్కడి పాత కాపురాలకి ఒక ఆపరేషన్ థియేటర్ ఎప్పటికి వస్తుందో కూడా కట్టి చూపిస్తే బాగుండేది.

నిల్వల లెక్క అడిగితే రక్షణ రహస్యం అంటారేమో. మా రన్‌వే ఎంత పొడవో, ఏ జెట్టీలో ఏ ఓడ ఉందో పై నుంచి ఫొటో తీసేవాడికి అంతా కనపడుతుంది. మా గోడౌన్‌లో బియ్యం ఎన్ని రోజులకి ఉందో తినేవాళ్లకి తెలియకూడదా? నెలకోసారి బోర్డు మీద రాసి పెట్టండి: బియ్యం ఇన్ని రోజులు, డీజిల్ ఇన్ని రోజులు, ఇన్సులిన్ ఇన్ని రోజులు. మూడు నెలలకి తగ్గితే ఎవరు జవాబు చెప్పాలో ఆ అధికారి హోదా కూడా రాయండి.

మా దీవులకి లోక్‌సభలో ఒకే ఒక్క ఎంపీ. ఆంధ్రకి 25 మంది. వాళ్లలో ఉత్తరాంధ్ర వాళ్ల నియోజకవర్గాల్లో, ఇక్కడ అన్నో, మేనత్తో లేని ఊరు ఉండదు. మా నాన్న జిల్లా ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు ఇప్పుడు కేంద్రంలో విమానయాన మంత్రి. ఓడలు ఆయన శాఖలోవి కావని తెలుసు, ఓడల మంత్రి కూర్చునేదీ అదే కేబినెట్లో. విశాఖ నుంచి హడ్డోకి పది రోజులకొక ఓడ, సరుక్కీ మనుషులకీ, తేదీ తప్పకుండా నడిపించమని అడిగితే చాలు. పెద్ద నౌకాదళ స్థావరం, పెద్ద రేవు రెండూ ఉన్న ఊరది. శ్రీకాకుళం నుంచి మా దగ్గరికి రావాలనుకునేవాడు ఇప్పటికీ చాలాసార్లు ముందు చెన్నై రైలే ఎక్కుతున్నాడు.